లారీకి ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యవర్గంవారు నన్ను పిలిచి లారీ ఇంజన్ ఆయిల్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది విని కొందరు మిత్రులు నవ్వుకున్నారు. కానీ కార్యవర్గంవారి ఆలోచనకు కారణం ఉంది. మనలో కొందరు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు తీసి కొడుక్కో అల్లుడికో లారీ కొనిపెట్టారు. బండి కాగితాల మీద పేరు అబ్బాయిది. ఫైనాన్స్ కాగితాల మీద జామీను సంతకం మాత్రం నాన్నది. ఆ బండి ఇంజన్ పట్టేస్తే వాయిదా కట్టేది ఎవరి పెన్షన్‌లోంచో మీకు నేను చెప్పనక్కరలేదు.

నేను మెకానిక్‌ను కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. సర్వీసులో చాలా ఏళ్లు మెకానికల్ విభాగంలో కూర్చుని టిప్పర్ల, బుల్డోజర్ల లాగ్‌బుక్కులు, ఆయిల్ ఇండెంట్లు రాశాను. స్పానర్ పట్టలేదు గాని, ఏ బండికి ఎప్పుడు ఎన్ని లీటర్లు పోశారో, ఆ తర్వాత ఆ బండి ఎన్నాళ్లు నడిచిందో నా కలం కిందనుంచే వెళ్లింది. ఇంజనీర్లు, ఫోర్‌మన్‌లు చెప్పగా విన్నది, రిజిస్టర్లలో చూసినది, కొత్త బళ్ల పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

ఆయిల్ చేసే పని

ఇంజన్ ఆయిల్ అంటే జారుడు కోసం పోసేదే అనుకుంటాం. దానికి ఇంకా పనులున్నాయి. పిస్టన్ల వేడిని తీసుకుపోతుంది. రింగులకూ లైనరుకూ మధ్య సందును మూసి ఒత్తిడి జారిపోకుండా చూస్తుంది. డీజిల్ మండగా మిగిలే మసిని ఒకచోట పేరుకోకుండా తనలో తేలుస్తూ మోస్తుంది. డీజిల్‌లోని గంధకం మండితే పుట్టే ఆమ్లాన్ని విరిచేందుకు ఆయిల్‌లో క్షార గుణమున్న మందులు కలుపుతారు. బండి నడిచేకొద్దీ ఈ మందులు ఖర్చయిపోతాయి. అవి అయిపోయాక చాంబర్‌లో ఆయిల్ నిండుగా ఉన్నా రక్షణ ఉండదు. అందుకే తగ్గినంత పోసుకుంటూ వెళ్లడం ఆయిల్ మార్చడం కిందికి రాదు. పాత మసి, పాత ఆమ్లం లోపలే ఉంటాయి.

ఇక్కడే ఒక అపోహ గురించి చెప్పాలి. చాలామంది పుల్ల తీసి, ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది, నల్లబడింది కాబట్టి మార్చాలంటారు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని మోసే పని చేస్తోందనడానికి అదే గుర్తు. రంగును బట్టి ఆయిల్ ఆయుష్షు తెలియదు. అయితే మూడు గుర్తులు మాత్రం వెంటనే పట్టించుకోవలసినవి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. పోయకుండానే మట్టం పెరుగుతుంటే డీజిల్ గాని నీళ్లు గాని చేరుతున్నాయి. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే బండిని అక్కడే ఆపాలి, ఊరు దగ్గర్లోనే ఉందని లాగకూడదు.

ఎన్ని కిలోమీటర్లకు?

అందరూ అడిగేది ఇదే. ఒక్క అంకె చెప్పి కూర్చుంటే మీకూ నాకూ సుఖం. కాని అలాంటి అంకె లేదు. మన చిన్నప్పటి లారీలకు ఎనిమిది, తొమ్మిది వేల కిలోమీటర్లకు మార్చేవారు. ఇప్పుడు దూర ప్రయాణాలు చేసే కొన్ని కొత్త భారీ లారీల పుస్తకాల్లో లక్ష కిలోమీటర్ల దాకా కూడా రాస్తున్నారు. రెండూ నిజమే. మధ్యలో మారినవి మూడున్నాయి.

మొదటిది డీజిల్. మన దేశంలో బి.ఎస్.-2 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 500 పాళ్ల వరకు ఉండేది. బి.ఎస్.-3లో 350, బి.ఎస్.-4లో 50, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బి.ఎస్.-6లో 10 పాళ్లకు దిగింది. గంధకం తగ్గితే ఆమ్లం తగ్గింది, ఆయిల్ ఎక్కువకాలం నిలుస్తోంది. రెండోది ఆయిల్. ఏ.పి.ఐ. అనే అమెరికన్ సంస్థ ఇచ్చే తరగతులు సి.ఎఫ్.-4 నుంచి సి.హెచ్.-4, సి.ఐ.-4 మీదుగా 2016 డిసెంబరులో సి.కె.-4 దాకా వచ్చాయి. మూడోది ఇంజన్ తయారీ, ఫిల్టర్ల నాణ్యత. ఈ మూడూ కలిస్తేనే పెద్ద అంకె. పాత బండిలో కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన లక్ష కిలోమీటర్లు నడపవచ్చుననుకోవడం పొరపాటు.

కాబట్టి మొదటి సూత్రం: బండితో ఇచ్చిన పుస్తకంలోని అంకె, అందులో చెప్పిన తరగతి ఆయిల్. డబ్బా మీద 15డబ్ల్యు-40 అని ఉంటే సరిపోదు. అది చిక్కదనం సంగతి మాత్రమే. తరగతి కూడా చూడాలి. ముఖ్యంగా పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరున్న బి.ఎస్.-6 బళ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. పాత రకం చవకగా దొరికిందని పోస్తే ఆ ఫిల్టరు పూడిపోతుంది. దాని ఖరీదు ముందు ఆయిల్‌లో మిగిలింది ఏ మూలకూ రాదు.

రెండో సూత్రం: పుస్తకంలో సాధారణంగా రెండు అంకెలుంటాయి. ఒకటి మామూలు వాడకానికి, ఒకటి కఠిన వాడకానికి. గుంటూరు మిర్చి యార్డులో సరుకెత్తి జాతీయ రహదారి మీద ఢిల్లీ వెళ్లే లారీది మామూలు వాడకం. క్వారీ టిప్పర్, ఇసుక బండి, ఊళ్లో ఆగి ఆగి తిరిగే బండి, అధిక బరువుతో ఘాట్ ఎక్కే బండి కఠిన వాడకంలోకి వస్తాయి. వాటికి అంకె బాగా తక్కువ, చాలాచోట్ల సగం దరిదాపుల్లో ఉంటుంది. అమ్మేటప్పుడు షోరూమ్‌లో చెప్పేది పెద్ద అంకె. మన పనికి వర్తించేది ఏదో మనమే చూసుకోవాలి.

మూడో సూత్రం: కిలోమీటర్లు, గంటలు, నెలలు – ఈ మూడింటిలో ఏది ముందు నిండితే అప్పుడే. బండి తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చాలి. ఎందుకంటే నిలిచి ఉన్న బండిలో తేమ చేరుతుంది.

గంటల లెక్క

ఇందులో గంటల సంగతి ఎక్కువమంది వదిలేస్తారు. మా విభాగంలో బుల్డోజర్లకు కిలోమీటర్ల లెక్కే లేదు. అవర్ మీటరు చూసి 250 గంటలకు ఇంజన్ ఆయిల్ మార్చేవారు. టిప్పర్‌కు కిలోమీటర్ల మీటరుంది కదా అని దాన్నే నమ్ముతాం. కాని లోడింగ్ కోసం వరుసలో నిలబడినప్పుడు, తొట్టి ఎత్తేటప్పుడు ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. ఇంజన్ ఒక గంట ఊరికే తిరిగితే 40 నుంచి 50 కిలోమీటర్లు నడిచినట్టు లెక్క వేసుకోవడం ఈ రంగంలో వాడుక.

2018లో జరిగిన సంగతి చెబుతాను. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉద్యోగి కొడుకు చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో టిప్పర్ నడిపేవాడు. పుస్తకంలో 20 వేల కిలోమీటర్లు అని ఉంది. మీటరు 14 వేలు చూపిస్తోంది. ఇంకా టైముందని ఆగాడు. ఇంజన్‌లో చప్పుడు మొదలై షెడ్డుకు తీసుకెళ్తే, చాంబర్ విప్పిన మేస్త్రికి ఆయిల్ బదులు గ్రీజులాంటి జిడ్డు కనిపించింది. బేరింగులు అరిగిపోయాయి. అవర్ మీటరు చూస్తే 1,400 గంటలు. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున వేసినా 56 వేల కిలోమీటర్ల పని. పుస్తకంలో అదే పేజీలో గంటల గడువు కూడా అచ్చయి ఉంది. రెండు నెలలు బండి షెడ్డులో ఉంది. ఆ రెండు వాయిదాలు తండ్రి పెన్షన్‌లోంచి కట్టారు. అబ్బాయి బద్ధకస్తుడు కాడు, తాగుబోతు కాడు. రోజూ తెల్లవారుజామున లేచి పనికి పోయేవాడే. చూడవలసిన మీటరు ఒకటైతే చూసింది మరొకటి.

ఫిల్టర్లు

ఆయిల్ ఫిల్టర్‌ను ఆయిల్ మార్చిన ప్రతిసారీ మార్చాలి. అది పూడిపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకుండా ఒక వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. డ్రైవర్‌కు ఏమీ తెలియదు. కొత్తది బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు అతుక్కుని ఉండిపోలేదని చూసుకోవాలి. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి బిగించాలి.

డీజిల్ ఫిల్టర్లు సాధారణంగా రెండుంటాయి. ముందుదానికి నీళ్లు వేరుచేసే గిన్నె ఉంటుంది. అందులో చేరిన నీటిని రోజూ ఉదయం వదిలేయాలి. ఇది క్లీనర్ కుర్రాడికి రెండు నిమిషాల పని. కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లలోంచి వస్తుంది. వాటిలోని సందులు వెంట్రుక కంటే ఎంతో సన్నం. చిటికెడు మట్టి, చెంచాడు నీళ్లు చాలు వాటిని చెడగొట్టడానికి.

గాలి ఫిల్టర్ విషయంలో అతి శ్రద్ధ కూడా చేటే. రోజూ ఊడదీసి, టైరుకేసి కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు మనవాళ్లకుంది. దానివల్ల కాగితం చిరుగుతుంది, తీసిన ప్రతిసారీ కాస్త దుమ్ము లోపలికి పోతుంది. రాతి దుమ్ము లైనర్లను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. బండి త్వరగా బోరుకొచ్చేది ఇందువల్లే. గాలి గొట్టం దగ్గర సూచిక ఉంటే అది ఎర్రబడినప్పుడు ఫిల్టర్ చూడండి. లేకపోతే పుస్తకం చెప్పిన గడువు పాటించండి. లోపలి చిన్న ఫిల్టర్‌ను ఊదకూడదు, మార్చడమే.

ఖర్చు లెక్క

గుమాస్తాను కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను. నెలకు 8 వేల కిలోమీటర్లు తిరిగే లారీ అనుకుందాం. ఏడాదికి 96 వేలు. పుస్తకంలో 20 వేలకు అని ఉంటే సుమారు ఐదు మార్పులు. 15 లీటర్ల ఆయిల్, లీటరు 300 రూపాయలు, ఫిల్టర్లకు 2,000 అని వేసుకుంటే ఒక్క మార్పుకు 6,500. ఏడాదికి 32,500. భయంతో 10 వేలకే మారిస్తే ఇంకో 32,500 ఊరికే పోతుంది. బద్ధకించి 40 వేలకు మారిస్తే ఏడాదికి మిగిలేది 16 వేల పైచిలుకు. దానికి పణంగా పెట్టింది లక్షల ఇంజన్. ముందే మార్చేయడమూ నష్టమే, వెనకబడడమూ నష్టమే. వేళకు మార్చడమే లాభం.

పెద్ద సంస్థలు ఇంకో పద్ధతి పాటిస్తాయి. రైల్వే డీజిల్ షెడ్లలో ఇంజన్ ఆయిల్ నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షించేవారని మన రైల్వే మిత్రులకు తెలుసు. ఇనుము ఎక్కువుంటే లోపల అరుగుదల, ఇసుక అంశ ఉంటే గాలి ఫిల్టర్ లోపం అని తేల్చేవారు. ఒకటి రెండు బళ్లున్నవారికి అంత అవసరం రాదు. వారికి రిజిస్టరు చాలు.

మనం చేయగలిగిన పని

ఇక అసలు విషయం. బండి నడిపేవాడు రోడ్డు మీద ఉంటాడు. రాత్రి నిద్ర లేదు, లోడింగ్ గొడవ, చెక్‌పోస్టు గొడవ. అంకెలు గుర్తుపెట్టుకోవడం అతని వల్ల కాదు. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసిన మనం ఇంట్లో ఖాళీగా కూర్చున్నాం. ఆ పుస్తకం మనం రాద్దాం.

ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ చాలు. గడులు ఇవి: తేదీ, కిలోమీటర్ల అంకె, గంటల అంకె, ఆయిల్ రకం, లీటర్లు, మార్చిన ఫిల్టర్లు, బిల్లు నంబరు, మళ్లీ మార్చవలసిన అంకె. చివరి గడి ఎర్ర సిరాతో రాయండి. ప్రతి ఆదివారం అబ్బాయిని మీటరు ఫోటో తీసి ఫోన్‌లో పంపమనండి. మధ్యలో పోసిన ఆయిల్ వేరే పేజీలో రాయండి. అది నెలనెలా పెరుగుతుంటే ఇంజన్ బోరుకు వస్తోందని మనకు ముందే తెలుస్తుంది. మన సభ్యుల్లో ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న ఒక సోదరి కొడుకు రెండు లారీల లెక్కా గోడ క్యాలెండరు మీద రాస్తుంది. ఆవిడ ఫోన్ చేసి గడువు దగ్గరకొచ్చిందంటే ఆ అబ్బాయి విజయవాడ ఆటోనగర్‌లో బండి ఆపి మార్పించుకుంటాడు.

ఆయిల్ కంపెనీ డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. గ్యారంటీలో ఉన్న బండికి ఆ బిల్లులే సాక్ష్యం. ఖాళీ డబ్బాలను కోసి పారేయండి, లేకపోతే వాటిలో నకిలీ ఆయిల్ చేరి మళ్లీ అమ్మకానికొస్తుంది. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయవద్దు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

మనం వేళకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది, ఇచ్చాక మళ్లీ వస్తుంది, బకాయితో సహా వస్తుంది. ఇంజన్‌కు అలాంటి సదుపాయం లేదు. అది మెమో ఇవ్వదు, రిమైండరు పంపదు. ఆ రిమైండరు మనమే పంపాలి.

 బళ్లున్న సభ్యులెవరైనా భోజనాల తర్వాత నా దగ్గరకు వస్తే రిజిస్టరు గడులు గీసి ఇస్తాను. సెలవు.