రాయిని బట్టి మందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. నా వృత్తి మందు. నవ్వకండి. మన వైపు మందు అంటే ఒంటికి వేసుకునేది, పత్తికి కొట్టేది, సాయంత్రం పుచ్చుకునేది. నాది నాలుగోది, రాతిలో పెట్టేది. ముప్ఫై ఏళ్లకు పైగా సున్నపురాయి గనుల్లో పేలుళ్లు చేయించే ఇంజినీరుగా పనిచేశాను. పల్నాడులో పుట్టినవాడికి ఆ శబ్దం కొత్త కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు అన్నీ ఆ శబ్దం మీదే బతుకుతున్నాయి. శబ్దం అందరూ వింటారు. ఏ మందు, ఎంత, ఎందుకు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇవాళ దాని గురించే చెబుతాను.

ముందు తుపాకితో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పాత రోజుల్లో చేలకాపలాకి వాడిన నాటు తుపాకి చూసినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. మందు పోసి, పీచు కుక్కి, గుండు వేసి, మళ్లీ కుక్కేవారు. మందు ఎక్కువైతే గుండు ఇంకా దూరం పోతుందని చాలామంది అనుకునేవారు. అలా అనుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తుపాకి మందు నిజానికి పేలదు, చాలా వేగంగా కాలుతుంది. ఒక్కో పలుకు పైనుంచి లోపలికి కాలుకుంటూ పోతుంది. పలుకు చిన్నదైతే గబాలున అయిపోతుంది, పెద్దదైతే నిదానిస్తుంది. 1860 ప్రాంతంలో అమెరికా సైన్యంలో థామస్ రాడ్మన్ అనే అధికారి ఈ విషయం పట్టుకున్నాడు. పెద్ద ఫిరంగులకు పెద్ద పలుకుల మందు, ఆపైన చిల్లులు పెట్టిన మందుబిళ్లలు వాడి, గొట్టం పగలకుండా గుండుకి వేగం తెప్పించాడు.

రైఫిలుకీ అదే లెక్క. బరువైన గుండు నెమ్మదిగా కదులుతుంది. దాని వెనక త్వరగా కాలే మందు పోస్తే, గుండు జరిగి చోటు ఇచ్చేలోపే ఒత్తిడి కొండలా పెరిగి తుపాకి వెనక భాగం మీద పడుతుంది. అందుకని బరువు గుండుకి నిదానపు మందు. తేలిక గుండు అయితే తొందరగా పరిగెత్తుతుంది కాబట్టి దానికి నిదానపు మందు పోస్తే పూర్తిగా కాలకుండానే గొట్టం చివర నుంచి మంటై బయటికి పోతుంది. చట్టం ఒప్పుకునే దేశాల్లో వేటగాళ్లు తమ తూటాలు తామే నింపుకుంటారు. వాళ్ల చేతిలో ఒక పట్టిక పుస్తకం ఉంటుంది. ఏ బరువు గుండుకి ఏ మందు, ఎంతతో మొదలుపెట్టాలి, ఎంత దాటకూడదు అన్నీ అందులో రాసి ఉంటాయి. తెలిసినవాడు కింది అంకెతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ పరీక్షించుకుంటూ పైకి వెళతాడు. పై అంకెతో మొదలుపెట్టేవాడిని పక్కనుండి చూడటం కూడా మంచిది కాదు.

గుండు సంగతీ అంతే. 1940లలో జాన్ నాస్లర్ అనే అమెరికన్ వేటగాడు మూస్ అనే భారీ దుప్పిని కొడితే, ఒంటికి బురద గట్టిగా పట్టి ఉన్న ఆ జంతువు లోపలికి దిగకుండా గుండ్లు పైనే చితికిపోయాయి. జంతువు గాయంతో యాతన పడింది. ఆ బాధతో అతను గుండు మధ్యలో ఒక రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి వెళుతుంది. 1948 నుంచి ఆ గుండు అమ్మకంలో ఉంది. జంతువును బట్టి గుండు, గుండును బట్టి మందు. మన దేశంలో వేటకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తలుపులు మూసింది. మాచర్ల దాటితే అవతల ఉన్నది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. మూయడమే మంచిదైందని నా అభిప్రాయం. కానీ ఆ లెక్క మాత్రం మా గనిలో రోజూ పనికొస్తుంది. అక్కడ మేం అనేది: రాయిని బట్టి మందు.

రాళ్లన్నీ ఒకటి కావు. కొండమోడు నుంచి పేరేచర్ల వైపు వెళితే దొరికే గట్టి నల్లరాయి వేరు, మన పిడుగురాళ్ల సున్నపురాయి వేరు, పొరలు పొరలుగా లేచే నాపరాయి వేరు. నాపరాయికి బలమైన మందు పెడితే బండ బయటికి వస్తుంది గానీ కంటికి కనబడని సన్నటి పగుళ్లు లోపల నిండిపోతాయి. ఇంట్లో పరిచిన రెండేళ్లకి బిందె పడితే చాలు, ముక్కలవుతుంది. అందుకే తెలిసిన వడ్డెర మేస్త్రీలు నాపరాయి దగ్గర మందు జోలికే పోరు. ఉలితో గీత కొట్టి, గునపంతో పొర లేపుతారు. రాయి నెర చదవడంలో వాళ్ల కన్ను మా పరికరాల కంటే నయం, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ పల్నాటి సున్నపురాయి మీదే. మందు అనేదే లేని కాలంలో ఇక్ష్వాకుల నాటి పనివాళ్లు ఆ పలకలు ఎలా తీశారో గని ఇంజినీరుగా ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

సిమెంటుకి రాయి కావాలంటే పని తిరగబడుతుంది. అక్కడ బండ వద్దు, క్రషర్ నోట్లో పట్టే ముక్కలు కావాలి. కాబట్టి అక్కడ కాలే మందు చాలదు, పేలే మందు కావాలి. తేడా వేగంలో ఉంది. నల్లమందు కాలే వేగం సెకనుకి కొన్ని వందల మీటర్లు. గనుల్లో వాడే అమ్మోనియం నైట్రేటు - డీజిలు మందు సెకనుకి మూడు నుంచి నాలుగున్నర వేల మీటర్లు, ఎమల్షన్ మందు అంతకంటే ఎక్కువ. మొదటిది తోస్తుంది, మిగతావి కొడతాయి. సున్నపురాయి మెత్తన కాబట్టి మరీ గట్టిగా కొడితే రంధ్రం చుట్టూ పిండి అవుతుంది, దూరంగా బండలు మిగులుతాయి. డబ్బూ పోతుంది, పనీ చెడుతుంది. పొడి రంధ్రంలో నైట్రేటు మందు చవక, సరిపోతుంది. కానీ దానికి నీళ్లు పడవు, ఉప్పులా కరిగిపోతుంది. వాన పడ్డాకో, ఊట ఊరిన గుంతలోనో అదే మందు పోస్తే సగం పేలుతుంది, సగం పేలదు, నారింజ రంగు పొగ లేస్తుంది. ఆ పొగ విషం. మీ ఊరి పక్క గనిలో ఆ రంగు పొగ కనబడితే పిల్లల్ని గాలివాటుకి ఎదురుగా ఉండనివ్వకండి, గని వాళ్లని అడగండి. తడి రంధ్రానికి ఎమల్షన్ తూటాలే వాడాలి.

చరిత్ర కొంచెం చెబుతాను, పిల్లలకి పరీక్షలో రాకపోయినా. గనిలో మందు పెట్టి రాయి పగలగొట్టినట్టు మొదటి ఆధారం 1627లో, ఇప్పటి స్లొవేకియాలో దొరుకుతుంది. తరవాత రెండు వందల ఏళ్లు వత్తి ఎప్పుడు అంటుకుంటుందో తెలియక ఎందరు పోయారో లెక్కలేదు. 1831లో విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి, తాడు పేనేవాడి పనితనం చూసి మందుని జనపనారలో పేని వత్తి చేశాడు. అది ఒకే వేగంతో కాలుతుంది, పనివాడు పరిగెత్తి దూరం వెళ్లే సమయం దొరుకుతుంది. 1867లో నోబెల్ డైనమైటు తెచ్చాడు. దానికి మూడేళ్ల ముందే ఆయన తమ్ముడు ఎమిల్ నైట్రోగ్లిజరిన్ పేలుడులో చనిపోయాడు. మన దగ్గర 1961లో హైదరాబాదు కూకట్‌పల్లిలో ఇండియన్ డిటొనేటర్స్ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడి ఐడీఎల్ చెరువు పేరు దాని నుంచి వచ్చిందే.

మనవాళ్లు ఇప్పటికీ "జిలెటిన్ కడ్డీలు" అంటారు, పేపర్లో కూడా అలాగే రాస్తారు. నైట్రోగ్లిజరిన్ ఉన్న ఆ అసలు జిలెటిన్ తయారీ మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి నిషేధం. ఇప్పుడు దొరుకుతున్నవి స్లర్రీ, ఎమల్షన్ తూటాలు. పేరు మాత్రం మిగిలింది. పాతది చలికాలం గడ్డకట్టి, ఎండకి నూనె కారి, తాకితే భయపెట్టేది. పెట్టె తెరిచిన రోజంతా తలనొప్పి వచ్చేది. దాని మీద నాకు బెంగ లేదు. విద్యుత్ డిటొనేటర్లు కూడా 2025 ఏప్రిల్ నుంచి నిషేధించారు. దొంగచేతుల్లోకి పోయేవి ఎక్కువగా అవే.

ఇప్పుడు మీకు నేరుగా తగిలే విషయం. గని పేలితే ఇల్లు పగులుతుందా?

ఒక ఊరి పేరు చెప్పను. గనికి దగ్గర ఊరు, గోడలన్నీ పగుళ్లు. ఊరివాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. గనివాళ్లు "మా లెక్క సరిగానే ఉంది" అని కాగితాలు చూపించారు. నన్ను చూడమని పంపారు. ఇంటింటికీ తిరిగి, పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి తేదీ రాశాం. పగులు ఇంకాస్త విచ్చుకుంటే గాజు విరుగుతుంది. ఒక పెద్దావిడ "గాజులు నాకెందుకయ్యా, గోడ కట్టించు" అంది. ఆవిడ న్యాయం ఆవిడది. నాలుగు నెలలు చూశాం. ఎక్కువ గాజులు విరిగింది పేలుళ్లు ఆపిన రోజుల్లో, ఎండలు ముదిరినప్పుడు. మన నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి బిగుసుకుపోతుంది, పునాది లోతు లేని ఇంటిని అదే చీలుస్తుంది. అలాగని గనిది తప్పు లేదని కాదు. గనికి అతి దగ్గర ఇంట్లో గాజు పేలుడు రోజునే విరిగింది. పైగా వాళ్లు రంధ్రం పై భాగాన్ని మందుతో నింపి, మట్టి కప్పడం తగ్గించేశారు. దాంతో మందు బలం రాతిలోకి పోకుండా గాలిలోకి పోయి, ఊళ్లో గిన్నెలు కదిలి, కిటికీలు గలగలలాడేవి. జనం భయపడింది ఎక్కువ ఆ గాలిదెబ్బకే. నివేదికలో రెండూ రాశాను. రెండు పక్షాలకీ నచ్చలేదు.

అక్కడ చేసిన మార్పులు పెద్దవేం కావు. రంధ్రం పైన డ్రిల్లు పొడితో గట్టిగా కూరడం, ఒక్కసారి పేలే మందు తగ్గించడం. రంధ్రాలన్నీ ఒకేసారి పేల్చకుండా ఒక్కోదానికి సెకనులో వెయ్యో వంతులు ఇరవై అయిదు చొప్పున ఎడం ఇస్తే, మొత్తం మందు అంతే ఉన్నా అదురు తగ్గుతుంది. ఎనిమిదో తరగతి లెక్కే: అదురు ఆధారపడేది దూరాన్ని మందు బరువు వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకె మీద. నాలుగు వందల మీటర్ల దూరంలో ఒక్క దెబ్బకి వంద కిలోలు పేల్చితే అంకె నలభై. ఇల్లు రెండు వందల మీటర్లలో ఉంటే అదే అంకె రావడానికి యాభై కిలోలు కాదు, ఇరవై అయిదే పేల్చాలి. సగం దూరానికి నాలుగో వంతు మందు. ఇది తెలియని కాంట్రాక్టర్లని చాలామందిని చూశాను.

గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, గని యజమానివి కాని ఇళ్ల దగ్గర అదురు నెమ్మదిగా ఊగేదైతే సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు, వేగంగా ఊగేదైతే 10, 15 వరకు పోవచ్చు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. ఊరి తరఫున మాట్లాడేటప్పుడు "ఇల్లు అదురుతోంది" అంటే జవాబు రాదు, "కొలిచి చూపించండి" అంటే వస్తుంది. కొలిచే యంత్రం ఉంటుందని, దాని కాగితం అడిగే హక్కు ఉందని చాలా ఊళ్లకి తెలియదు.

ఇక్కడ గనులున్న పూర్వ విద్యార్థులు కూడా కూర్చుని ఉన్నారు. వారికి ఒక్క మాట. లైసెన్సు ఉన్న బ్లాస్టరు జీతం మిగుల్చుకోవద్దు. మిగిలిన తూటాలు, డిటొనేటర్లు సాయంత్రం లెక్కతో మేగజీనుకి చేరాలి. లెక్క తప్పిన ఒక్కోటీ ఎక్కడో తేలుతుంది. చేపల కోసం కాలువలో పడుతుంది, అడవి పందుల కోసం పిండిలో చుట్టుకుంటుంది, ఇంకా ఏయే పనులకి పోతుందో పల్నాడులో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. అన్నిటికంటే నా భయం ఇంకొకటి. డిటొనేటరు చిటికెన వేలంత అల్యూమినియం గొట్టం, తళతళలాడుతూ బొమ్మలా ఉంటుంది. పిల్లాడు తీసి రాయితో కొట్టాడా, బ్యాటరీకి తగిలించాడా, ఆ చెయ్యి ఇక ఉండదు. మాస్టార్లూ, సైన్సు తరగతిలో ఓ పది నిమిషాలు దీని బొమ్మ గీసి చూపించండి. కనబడితే ముట్టుకోవద్దు, ఉన్నచోటే వదిలేసి పెద్దవాళ్లని పిలవమనండి.

అదురు కొలిచే యంత్రం ఒకటి నా వెంట తెచ్చాను. టీ తరవాత వేప చెట్టు కింద పెడతాను. పిల్లలు ఒక్కొక్కరే దాని పక్కన గెంతి చూడవచ్చు, ఎవరి అంకె ఎంతో తెర మీద కనబడుతుంది. మాస్టార్లు కూడా రావచ్చు, వరసలో నిలబడాలి.