కలివికోడి అడుగుజాడలు

ఈ రోడ్డునకు పేరిచ్చిన అశోకుడు నిష్కారణముగా అడవులను కాల్పరాదని శాసించెను. ఆ శాసనస్తంభము ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్లాయందు నేటికిని నిలిచియున్నది.

జెర్డన్ దొర కనుగొనగా 1848లో శాస్త్రలోకమెరిగిన కలివికోడి, 1900 తరువాత కానరాక, 1986లో కడప జిల్లా లంకమల చెంత మరల దొరకెను. పట్టి చూపినవాడు ఒక పల్లె వేటగాడే. 1988లో ఆ చిట్టడవి అభయారణ్యమయ్యెను.

అటవీశాఖ పరిశోధనలలో శిక్షణకేగు యువకులారా! ఇది రాత్రించర పక్షి. సన్నమట్టి పరచి, ఉదయమున అడుగుజాడలు వెదకవలెను. పొదలు మిక్కిలి దట్టమైనను, పూర్తిగా నరికివేసినను దానికి నిలువ నీడ లేదు. ఆ మితము నెరుగుటకు గ్రంథజ్ఞానమొక్కటే చాలదు. పల్లెవారిని గురువులుగా నెంచుడు.

ఉద్యోగులారా! చిట్టడవిని బంజరని వ్రాయు కలము సైతము ఆ పక్షి ప్రాణమును తీయగలదు.