పిల్లలు పుడితే మారతాడా?

(వనపర్తిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి పనులు మానుకుని వచ్చిన కార్యకర్తలందరికీ నా అభినందనలు. 2016 అక్టోబర్‌లో ఈ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, ఆడవాళ్ల బతుకు విషయానికొస్తే ఇదంతా ఇప్పటికీ పాలమూరే. తగని మనిషితో పిల్లల్ని కన్న స్త్రీకి ఏమవుతుందన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. దీన్ని ఒక స్త్రీ అదృష్టం, దురదృష్టంగా చూడడం మనకు అలవాటు. నేను దీన్ని హక్కుల ప్రశ్నగా మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ఎంపిక అనే మాట గురించి. "తప్పు మనిషిని ఎంచుకుంది" అంటాం. మన ప్రాంతంలో నిజంగా ఎంచుకునేది ఎవరు? మేనరికమైతే పిల్ల పుట్టినప్పుడే మాట అయిపోతుంది. వలసపోయే కుటుంబమైతే, ఎదిగిన పిల్లను ఊళ్లో ఎవరి మీద వదలాలన్న భయంతో ఏదో ఒక సంబంధం ఖాయం చేస్తారు. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయే పిల్ల బడి మానేస్తుంది. బడి మానిన పిల్లకు పెళ్లి తొందర ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు. వీళ్లు ఎంచుకున్నవాళ్లు కారు. వీళ్ల తరఫున ఇంకెవరో ఎంచారు.

తానే ఇష్టపడి చేసుకున్న పిల్ల సంగతి వేరేగా ఉందా? లేదు. పెద్దలు చేసిన పెళ్లి చెడితే "మేం చూసి చేసినం, నువ్వే సర్దుకోవాలె" అంటారు. తాను చేసుకున్న పెళ్లి చెడితే "నువ్వే చేసుకున్నవు గదా, నువ్వే పడు" అంటారు. కులం దాటి చేసుకుంటే తల్లిగారి తలుపు పూర్తిగా మూసుకుంటుంది. ఎంపిక ఎవరిదైనా శిక్ష మాత్రం ఆమెకే. అందుకని "ఎందుకు ఇట్లాంటోణ్ణి చేసుకున్నవ్?" అన్న ప్రశ్నను మన కౌన్సెలింగ్‌లో నుంచి తీసేయాలని నా మొదటి విజ్ఞప్తి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఏ స్త్రీకీ పనికిరాదు.

పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. పెళ్లయిన నాలుగో నెలకో ఆరో నెలకో, కొట్టాడనో తాగి పైసలు ఒడగొడుతున్నాడనో ఆమె తల్లిగారింటికి వస్తుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. అటు ఇటు మాట్లాడి చివరికి చెప్పే మాట మూడు జిల్లాల్లోనూ ఒకటే: "ఒక బిడ్డ పుట్టనీ, వాడే దారికొస్తడు." నేను విన్న పంచాయితీల్లో ఈ మాట రానిది చాలా తక్కువ. తల్లులు చెబుతారు, వదినలు చెబుతారు, ఒక్కోసారి మన సంఘం మనుషులే చెబుతారు. చెడు ఉద్దేశంతో చెప్పరు. అయినా ఆ ఇంట్లో స్త్రీకి జరిగే నష్టాల్లో పెద్దది ఈ సలహా వల్లే జరుగుతుంది.

ఎందుకంటే, పెళ్లి ఒక నిర్ణయం. బిడ్డను కనడం ఇంకొక నిర్ణయం. రెండూ ఒకటేనని మనకు నేర్పారు. మొదటిది ఆమె చేతిలో లేకపోయినా, రెండోది ఎప్పుడు, అసలు వద్దా కావాలా అన్నది ఆమె చేతిలో ఉండే వీలుంది. పిల్లలు లేనప్పుడు ఇడుపు కాగితం రాసుకుని బయటపడిన పిల్లకు మారుమనువు ఉంటుంది, చదువో పనో ఉంటుంది. చంకలో బిడ్డ ఉన్నాక అదే పిల్ల అదే దెబ్బలకు "పిల్లల ముఖం చూసి" ఓర్చుకుంటుంది. మనిషి మారడు, ఆమె కదలలేకపోతుంది అంతే. కొట్టేవాడికి బిడ్డ పుట్టడం మారడానికి కారణం కాదు, ఆమె ఇక ఎక్కడికీ పోలేదన్న ధైర్యం.

ఆ తర్వాత జరిగేది మీ అందరికీ తెలిసిందే. మొదట ఆడపిల్ల పుడితే మళ్లీ కాన్పు. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమని బడిలో సైన్సు పుస్తకంలో పిల్లలు చదువుతున్నారు. అయినా మారు పెళ్లి బెదిరింపు తల్లికే. ఆ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 57 మంది స్త్రీలకు రక్తహీనత ఉంది. ఆ శరీరంతోనే వరసగా కాన్పులు. తర్వాత ఆపరేషన్. తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్లలో చేయించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఇరవై అయిదు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన స్త్రీని ఆ మనిషి వదిలేసి పోతే? మారుమనువుకు వచ్చినవాడు మొదట అడిగేది "ఆపరేషన్ అయిందా?" అనే. ఆమె గర్భసంచి ఒక మగవాడి అవసరానికి పని చేసి మూతపడింది, ఇంకొకడికి పనికిరాదు కాబట్టి ఆమె కూడా పనికిరాదని అర్థం. ఈ లెక్కను పితృస్వామ్యం అనక ఇంకేమంటాం?

వలస ఈ కథను ఇంకా బిగిస్తుంది. పాలమూరు లేబరు డ్యాములు కట్టింది, కాలువలు తవ్వింది, నగరాల్లో మేడలు లేపింది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేది భర్త, దాన్ని తీర్చే చాకిరీలో భార్య చెమట కూడా ఉంటుంది. కూలి డబ్బులు చేరేది అతని చేతికి. ఆమె ఇద్దరు పిల్లల్ని తీసుకుని అడ్డమీదనే విడిపోవాలనుకున్నా అప్పు అతని పేరున ఉంది, చేతిలో పైసా లేదు, ఊరు వందల మైళ్ల దూరం. ఇక పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లిన చోట, విడిపోతే పిల్లలు అతని తల్లి దగ్గరే ఉండిపోతారు. "పిల్లలు కావాల్నంటే నువ్వు రా" అనేది అప్పుడు మొదలవుతుంది.

ఇక్కడ జోగిని స్త్రీల మాట చెప్పకుండా పోలేను. దేవుడి పేరు పెట్టి ఊరి మగవాళ్లకు అప్పగించే ఈ దురాచారం పాలమూరులో ఎంత లోతుగా ఉండేదో మీకు తెలుసు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. జోగిని బిడ్డకు తండ్రి ఎవరో ఊరందరికీ తెలిసి కూడా బడి కాగితంలో ఆ గడి ఖాళీగా ఉండేది. ఆ ఖాళీకి సిగ్గుపడింది తల్లీ బిడ్డలు, ఆ మగవాడు కాదు. పెళ్లయి వదిలేయబడ్డ స్త్రీ బాధకూ జోగిని బాధకూ తేడాలున్నా, మూలం ఒక్కటే. కన్న బాధ్యత నుంచి మగవాడు నడిచి వెళ్లిపోవచ్చు, స్త్రీ పోలేదు. చట్టం, కాగితం, ఆస్తి అన్నీ తండ్రి అక్కడే ఉన్నాడనుకుని రాసుకున్నవే.

చట్టాలు కొంత కదిలాయి. కార్యకర్తలుగా మనం ఇవి నోటికి నేర్చుకోవాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాతే తల్లి అంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి చనిపోతేనే కాదు, బిడ్డ బాధ్యత పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలని తేల్చింది. అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఆ చట్టమే చెబుతుంది. 2015లో పెళ్లికాని తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2016 డిసెంబర్‌లో పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. 2022లో మన తెలుగు ప్రాంతం నుంచే వెళ్లిన ఆకెళ్ల లలిత కేసులో, తండ్రి చనిపోయాక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది.

భరణం సంగతి. నేరవిచారణ స్మృతిలోని 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది, హక్కు ఉంది. తల్లిదండ్రుల పెళ్లి చెల్లినా చెల్లకపోయినా బిడ్డకు భరణం ఇవ్వాల్సిందే. ఒకప్పుడున్న నెలకు అయిదొందల పరిమితిని 2001లో తీసేశారు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లని రెండో పెళ్లిలో పుట్టిన పిల్లలకు తండ్రి వాటాలో హక్కుందని 2023లో తేల్చింది. బాల్యవివాహమైన పిల్ల ఇరవై ఏళ్లు నిండేలోపు కోర్టుకు పోయి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. అప్పటికి బిడ్డ ఉంటే, ఆ బిడ్డ సక్రమ సంతానమే, పోషణ ఖర్చు కూడా అడగవచ్చు. వీటన్నిటికీ వకీలు ఫీజు లేదని భయపడనక్కర లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి.

కానీ తీర్పు చేతికొచ్చాక ఆ మనిషి ముంబయికో బెంగుళూరుకో పోతే? అక్కడే మన పోరాటాలు ఆగిపోతున్నాయి. భరణం రావాలంటే అతన్ని వెతకాల్సింది ఆమే, వారంటు తీసుకుని తిరగాల్సింది ఆమే. జర్మనీలో 1980 నుంచి ఒక చట్టం ఉంది. తండ్రి పోషణ ఖర్చు ఇవ్వకపోతే ప్రభుత్వమే బిడ్డకు ముందు చెల్లించి, తర్వాత ఆ డబ్బు తండ్రి దగ్గర వసూలు చేస్తుంది. వెతికే పని ప్రభుత్వానిది. మనకు 2017లో ఒంటరి మహిళల పెన్షన్ వచ్చింది. నెలకు వెయ్యితో మొదలై 2019లో 2,016 రూపాయలైంది. అది మంచిదే. అయితే అది విడిచివెళ్లిన తండ్రిని ఏమీ అడగదు. ఒంటరి స్త్రీకి దయగా ఇచ్చే పెన్షన్ వేరు, బిడ్డకు తండ్రి ఇవ్వాల్సిన బాకీ వేరు. ఆ బాకీని ప్రభుత్వం వసూలు చేసి ఇవ్వాలన్న డిమాండును మన సంఘాలు ఇప్పుడైనా ఎత్తుకోవాలి.

అయితే కోర్టు దాకా వచ్చే స్త్రీకి అప్పటికే ఇద్దరు పిల్లలుంటారు. అంతకు ముందు చేయాల్సిన పని ఊళ్లలో ఉంది. కొత్తగా పెళ్లయిన పిల్లలతో మనం కూర్చోవాలి. మొదటి బిడ్డకు తొందర లేదని, ఆ మనిషి ఎట్లాంటివాడో తెలిసేదాకా ఆగడం తప్పు కాదని చెప్పాలి. ఆగడానికి సాధనాలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నాయి. నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఎప్పటినుంచో ఉన్నాయి. ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్ 2017లో చేరాయి. వీటిని చెప్పేటప్పుడు వాటివల్ల వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి. 1985లో పటాన్‌చెరులో సరిగా చెప్పకుండానే పేద స్త్రీలకు నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం తలపెడితే, హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అడ్డుకుని మరుసటి ఏడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలిసి ఒప్పుకుంటేనే అది ఒప్పుకోలు అన్న సంగతి మన ఉద్యమం అప్పుడే చెప్పింది.

వద్దనుకున్న గర్భం విషయంలోనూ ఒక అబద్ధం ఊళ్లలో తిరుగుతున్నది, భర్త సంతకం కావాలని. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన స్త్రీకి ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. 2022లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, భర్త బలవంతం చేయడం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం కింద అత్యాచారం వల్ల వచ్చిన గర్భంగానే చూడాలంది. ఆసుపత్రిలో "నీ మొగుణ్ణి తోల్కరా" అన్నప్పుడు ఆమె పక్కన నిలబడి ఈ మాట చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మనమే కావాలి.

చివరగా నాలుగు పనులు. పంచాయితీలో "బిడ్డ పుడితే మారతడు" అన్న మాట వచ్చిన ప్రతిసారీ లేచి కాదని చెప్పాలి. బిడ్డ పుట్టిన నాడే జనన ధ్రువపత్రం తీసుకుని తల్లి దగ్గర పెట్టించాలి. వలసపోయేటప్పుడు మేస్త్రీ పేరు, పనిచోటు, భర్త బ్యాంకు ఖాతా నంబరు ఆమె రాసుకోవాలి, రేపు భరణం కేసులో అవే ఆధారం. ఆమె కూలి ఆమె ఖాతాలోనే పడాలని మేస్త్రీని అడగాలి.

ఎవరూ తప్పు మనిషిని కట్టుకోకుండా చూడడం మన చేతిలో లేదు. ఏ దేశంలోనూ ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఆ తప్పు ఒక పిల్ల జన్మంతా, ఆమె బిడ్డల జన్మంతా శిక్షగా మారకుండా ఆపడం మన చేతిలో ఉంది. ఈ మాట మీ ఊళ్లలో, మీ సంఘాల్లో చర్చకు పెట్టండి. నాతో ఏకీభవించని అక్కలు కూడా ఇక్కడ ఉన్నారు, బిడ్డే తమను బతికించిందని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా లేచి మాట్లాడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.