గట్టులేని నుయ్యి: స్థలము గలవాని బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఊరిబయట పొలములో గట్టు కూలిన నుయ్యి యొకటి యుండును. చుట్టును సర్కారుతుమ్మ మొలచి దాని నోరు కానరాకుండ గప్పివేయును. మేకలు కాచుకొను పిల్లవాడు కాలుజారి దానిలో బడును. ఊరంతయు పరుగెత్తిపోయి త్రాళ్లు వేసి పైకి దీయును. నాలుగు దినములు గడచిన పిదప "వాని నుదుట నట్లు వ్రాసియున్నది" అని యెవరి యిండ్లకు వారు వెడలిపోవుదురు. నుయ్యి మాత్ర మట్లే యుండును. నుదుటివ్రాతను ముందుగా చదువగలవారు లేరు. నూతికి గట్టు లేకపోవుట మాత్రము అందరికిని కనబడుచునే యుండెను. న్యాయశాస్త్రము విచారించునది ఈ రెండవదానినే.

ఇది క్రొత్తగా పుట్టిన ధర్మము గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందు, వీధిలో చెత్త పారవేసినవానికి పణములో నెనిమిదవ వంతును, బురదనీటితో దారి నడ్డగించినవానికి నాలుగవ వంతును దండన చెప్పబడినది. రాజమార్గమైనచో దండన రెట్టింపు. హెబ్రీయుల ప్రాచీన ధర్మశాస్త్రమునందు, గోతిని త్రవ్వి మూయక విడిచినవాడు దానిలో బడి చచ్చిన యెద్దునకైనను గాడిదకైనను వెల చెల్లింపవలెనని యున్నది. పశువునకే వెల గట్టిన ధర్మము మనుష్యుని విడిచిపెట్టునా?

ఇంగ్లండులో ఈ విషయమునకై 1957లో ప్రత్యేకముగ నొక చట్టము చేయబడినది. భారతదేశమున నట్టి ప్రత్యేకచట్టము లేదు. కోర్టుల తీర్పులే త్రోవ చూపుచున్నవి. ఆ తీర్పులలో ముఖ్యముగ వినవచ్చు ప్రశ్న యొక్కటే. స్థలము ఎవరి యధీనమున నున్నదో వారు అపాయమును ముందుగా గ్రహింపదగియుండిరా? గ్రహించి చేయదగిన జాగ్రత్త చేసిరా?

తెలుగు గడ్డమీద పుట్టిన వ్యాజ్యమొకటి దీనికి చక్కని నిదర్శనము. చిత్తూరు ప్రాంతమునందలి కార్వేటినగర జమీందారీలో ప్రాచీనమైన చెరువులు అతివృష్టిచే తెగి, ఆ వరదకు మద్రాసు రైల్వే కంపెనీవారి వంతెనలు కొట్టుకొనిపోయెను. కంపెనీవారు నష్టపరిహారమునకు దావా వేసిరి. లండనునందలి ప్రీవీ కౌన్సిలు 1874లో జమీందారు బాధ్యుడు కాడని తీర్పు చెప్పెను. ఆ చెరువులు సేద్యమునకు జీవాధారములు. వానిని పూడ్చివేయు స్వేచ్ఛ జమీందారునకు లేదు, కాపాడవలసిన విధి మాత్ర మున్నది. ఆ విధియందు అజాగ్రత్త రుజువు కాలేదు. కావున నష్టము కలిగినంత మాత్రమున దావా గెలువదు, అజాగ్రత్త కనబడవలెను.

అజాగ్రత్త కనబడిన వ్యాజ్యము ఢిల్లీలోనిది. చాందినీచౌకులో పురపాలక సంఘమునకు చెందిన గడియార స్తంభము కూలి బాటసారులు మరణించిరి. ఆ కట్టడము వయస్సు సుమారు 80 ఏండ్లు; వాడిన సున్నమునుబట్టి పై యంతస్తు ఆయుర్దాయము 40 లేక 45 ఏండ్లే యని నిపుణులు చెప్పిరి. లోపము పైకి కనబడలేదను వాదమును సుప్రీంకోర్టు 1966లో త్రోసిపుచ్చెను. రహదారి ప్రక్కనున్న కట్టడమును పరీక్షించి బాగుచేయించుచుండుట స్వంతదారుని విధి యనియు, లోపము కనబడినను కనబడకున్నను బాధ్యత తప్పదనియు స్పష్టపరచెను. అట్టి కట్టడము తనంత తాను కూలుటయే అజాగ్రత్తకు సాక్ష్యమని కూడ చెప్పెను.

అట్లని ప్రతి మరణమునకును పరిహారము లభింపదు. 1975లో రాజకోటలో కార్యాలయమునకు బోవుచున్న యొక ఉద్యోగిపై దారిప్రక్క చెట్టు కూలి ఆతడు మరణించెను. 1997లో సుప్రీంకోర్టు కార్పొరేషనును బాధ్యురాలిగ నెంచలేదు. ఆ చెట్టు కూలునని ముందుగా గ్రహించుటకు వీలులేదని భావించెను. ఒక చెట్టు పుచ్చినదని గ్రామస్థులు వ్రాతమూలకముగ తెలియజేసియున్నచో, అధికారులు తెలియదనుటకు చోటుండదు. ఒక్క అర్జీకాగితమునకు గల విలువ యిదియే.

"నా పొలములోనికి వాడేల రావలె?" నని కొందరు వాదింతురు. బీహారులో నొకడు పరులు తన మరుగుదొడ్డిలోనికి రాకుండుటకై విద్యుత్తీగ నమర్చగా నొక స్త్రీ మరణించెను. అనుమతి లేక ప్రవేశించినను ఆమె ప్రాణమునకు రక్షణ కలదని సుప్రీంకోర్టు 1963లో ఆతని శిక్షను ఖాయపరచెను. అడవిపందులకై చేని చుట్టును కరెంటుతీగ గట్టువారు ఈ తీర్పును మరువరాదు.

ఇక గొట్టపుబావుల మాట. విడిచిపెట్టిన బోరుబావులలో పసిపిల్లలు పడుచుండుట జూచి సుప్రీంకోర్టు 2010లో నియమములు విధించెను. త్రవ్వుటకు 15 దినములు ముందుగా కలెక్టరు, సర్పంచి మొదలగువారికి వ్రాతమూలకముగ తెలుపవలెను. చుట్టును కంచె వేయవలెను. గొట్టము చుట్టు నేలకు 30 సెంటీమీటర్లు పైకిని, 30 సెంటీమీటర్లు లోనికిని సిమెంటు దిమ్మె కట్టవలెను. గొట్టము మూతిని ఇనుపరేకుతో అతికించియో, మరలతో మూత బిగించియో మూయవలెను. నీరు పడని బోరును అడుగునుండి నేలమట్టమువరకు మన్ను, ఇసుక, రాళ్లతో పూడ్చవలెను. రెండు బండ్ల మన్నునకు వెనుదీయుటవలన నొక తల్లి కడుపు చిచ్చగుచున్నది.

గాయపడినవారు చేయవలసిన దేమి? ఆ దినముననే స్థలముయొక్క ఛాయాచిత్రము తీయింపవలెను, చూచినవారి పేర్లు వ్రాసికొనవలెను, వైద్యుని చీటీలు, ఖర్చుల రసీదులు భద్రపరుపవలెను, పోలీసులకు తెలుపవలెను. మరణము సంభవించినచో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము ననుసరించి భార్యాభర్తలకును, తలిదండ్రులకును, బిడ్డలకును పరిహారము కోరు హక్కు కలదు. దావా రెండేండ్లలోపల వేయవలెను. శోకములో నీ గడువు దాటిపోయిన కుటుంబములు హక్కు గోల్పోవును. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని రాబడితో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. గాయపడినవాని యజాగ్రత్తయు కొంత యున్నచో పరిహారము తగ్గుననుటయు తెలిసియుండవలెను.

అన్నిటికంటె మేలైనది ప్రమాదమునకు ముందే మేల్కొనుట. దారిప్రక్క నూతికి కంచె వేయుమనియు, కూలనున్న గోడను చెట్టును తొలగింపుమనియు ఆజ్ఞాపించు నధికారము మేజిస్ట్రేటునకు కలదు. పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షనులో నుండిన ఈ యధికారము 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షనునందున్నది. ఆర్డీఓగారికి అర్జీ పెట్టుకొనుటకు ప్లీడరు అక్కరలేదు.

పొరుగువానిపై దావా వేయుట పగ పెంచుకొనుట యగునని కొందరు జంకుదురు. హక్కు నడుగుట పగ గాదు. అయినను గెలిచిన దావా సొమ్ము తెచ్చునే కాని పోయిన బిడ్డను తేజాలదు. కావున ఈ గ్రంథాలయ సభ్యులు ఒక పుస్తకము దెరచి, గ్రామములోని పాడునూతులను, మూయని బోరులను, ఒరిగిన గోడలను సర్వే నంబరు వారీగా నెక్కించి, ఒక ప్రతిని పంచాయతికి నందజేసి రసీదు పొందుదురుగాక. చదువు ఊరికి చేయగల యుపకారములలో నిది చిన్నది గాదు.

స్వస్తి.