పాతవస్త్రముల మారుబేరము - మన కులగౌరవము
(మహాసభ రెండవనాటి యుపన్యాసము)



ఈ సభయందు సంస్కృతవాఙ్మయమున వస్త్రప్రశంసనుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైబడి బడిలో శబ్దమంజరిని వల్లెవేయించినవారము గాన అట్టి విషయమే మాకు తగునని వారి యూహ. కాని యీ యేడు మా యింట జరిగిన యొక సంగతి మా మనస్సును వేఱుదారి పట్టించినది. కావున వారి యనుమతితో, పాతబట్టలను, అంగళ్ళలో చెల్లక మిగిలిన బట్టలను ఇంట గూర్చుండి చేతిఫోనుద్వారా మారుబేరమునకు అమ్ముకొనుటనుగూర్చి నాలుగుమాటలు చెప్పదలచితిమి. గీతలోని జీర్ణవస్త్రముల శ్లోకమును చదువుదుమని యెదురుచూచువారికి నిరాశ తప్పదు. ఆ శ్లోకము ఆత్మనుగూర్చినది. మా ప్రసంగము కేవలము బట్టలనుగూర్చినది.

మా కోడలు బి.కాం. చదివినది. పసివానిని విడిచి కొలువునకు పోజాలక, మూడేండ్లక్రిందట ఈ యుపవృత్తిని చేపట్టినది. తొలుత అమ్మినవి పెట్టుబడి చీరలు. ఇవి యెట్టివో ఇచటి సోదరీమణులకు చెప్పనక్కఱలేదు. ఒక పెండ్లిలో వచ్చి, బీరువాలో రెండేండ్లుండి, వేఱొక గృహప్రవేశమునకు పోయి, ఒక్కొక్కప్పుడు ఇచ్చినవారి యింటికే తిరిగివచ్చు చీరలివి. ఎవ్వరును కట్టరు, ఎవ్వరును పాఱవేయరు. అట్టి పదునెనిమిది చీరలను మా కోడలు కిటికీవెలుతురున చిత్రములు తీసి వాట్సాపున పంపగా వారములో అన్నియు అమ్ముడుపోయెను. పెట్టుబడి చీరలు నిజముగనే పెట్టుబడియైనవని మా యింటిలో నవ్వుకొంటిమి.

నవ్వనివారును గలరు. మా వీధిలోని పెద్దయొకరు మమ్ము పిలిచి, "మార్కండేయ వంశమునబుట్టి, భావనాఋషి సంతతియని చెప్పుకొనుచు, మీ యింట పాతగుడ్డలమ్ముటా? మనువు కూడదనలేదా?" అని మందలించిరి. మనుస్మృతి చతుర్థాధ్యాయమున ఇతరులు ధరించిన పాదరక్షలను, వస్త్రములను, యజ్ఞోపవీతమును, ఆభరణములను, పూలదండను, కమండలువును ధరింపరాదని యున్నమాట నిజమే. కాని యది స్నాతకవ్రతమందున్న బ్రాహ్మణుని ధారణనుగూర్చిన నియమము, విక్రయమునుగూర్చినది కాదు. పైగా ఆ పెద్దమనుష్యుల మనుమడు నిరుటి మాఘమాసమున అద్దెకు తెచ్చిన షేర్వాణీతోనే పెండ్లిపీటలెక్కెను. ఆ షేర్వాణీని అంతకుముందు ఎందఱు పెండ్లికొడుకులు ధరించిరో మనువునకే తెలియవలెను.

పాతబట్ట చేతులు మాఱుట మన దేశమునకు క్రొత్తగాదు. నెత్తిపై గంపతో వీధులదిరుగుచు పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చు స్త్రీలను మనమందఱము చూచినవారమే. మా తల్లిగారు ఒక జల్లెడకై వారితో అరపూట బేరమాడుట మాకు జ్ఞాపకము. పాత పట్టుచీరలను కొనువారు జరీని కాల్చి వెండి తీయుదురు. హైదరాబాదున జుమ్మెరాత్ బజారులోను, ఎఱ్ఱగడ్డ ఆదివారపుసంతలోను వాడినవస్తువులు అమ్మకము సాగుచునే యున్నది. విదేశముల పాత ఊలుదుస్తులు పానిపట్టునకు చేరి, చీల్చబడి, మరల నూలై, కంబళ్ళగుచున్నవి. అమెరికాలోని మన యాడపడుచులు ఒక్కమాఱు కట్టిన పట్టుచీరలను ఫేసుబుక్కు సంఘములలో ఒకరికొకరు అమ్ముకొనుచున్నారు. అచట సిగ్గుగానిది ఇచట సిగ్గెట్లగును?

అమరసింహుడు వస్త్రమునకు ఎన్ని పేర్లు చెప్పెనో చూడుడు. మగ్గమునుండి అప్పుడే దిగినది తంత్రకము. జీర్ణమైనది పటచ్చరము. ఆ నిఘంటువునందే దొంగకు గల పర్యాయపదములలో పాటచ్చరుడని యొకటి కలదు. పటచ్చరము పాతగుడ్డ, పాటచ్చరుడు దొంగ. ఈ రెంటికిని చెవికి దోచు భేదము మొదటి యక్షరమునందలి దీర్ఘము. బడిలో పిల్లలకు ఈ మాట చెప్పి ఎన్నోమాఱులు నవ్వించితిమి. ఆ దీర్ఘము మా గడపలోనికే వచ్చునని నాడు తలపలేదు.

పెట్టుబడి చీరలైపోయిన పిదప సరకు వెలుపలినుండి తేవలసివచ్చెను. తిరుప్పూరున విదేశపు కొనుగోలుదారులు వలదన్న కుట్టుదుస్తులు చీటీలు కత్తిరింపబడి మూటలుగా దొరకును. సూరతున ఋతువు మాఱినంతనే మిగిలిన చీరలను లాటులుగా కట్టి అమ్ముదురు. సూరతు, భివండి, షోలాపురము మనకు పరాయియూళ్ళు గావు. మన తాతల కాలమునుండి బ్రదుకుదెరువునకు తరలిపోయిన పద్మశాలీయ కుటుంబములు అచటనున్నవి. కాని లాటు బేరమున మూట విప్పి చూడనియ్యరు. పైనున్న నాలుగు చీరలు బాగుండును, అడుగున నున్నవి దైవాధీనము.

మా కోడలు తెచ్చిన మొదటి లాటు లెక్కను ఉన్నదున్నట్లు చెప్పెదము. చీరలు 40, ఒక్కొక్కటి 180 రూపాయలు, మొత్తము 7,200. రవాణా 640. ఆఱు చీరలు మఱకలు, చిరుగులతో పనికిరాకపోయెను. తక్కిన 34 చీరలను ఒక్కొక్కటి 350 చొప్పున అమ్మగా 11,900 వచ్చెను. పంపుటకు చీరకు 75 చొప్పున 2,550 పోయెను. ఐదు చీరలు తిరిగివచ్చెను. వాని సొమ్ము 1,750 తిరిగియిచ్చి, రాకఖర్చు 375 భరించి, ఆ యైదింటిని పొరుగువారికి 150 చొప్పున అమ్మగా 750 వచ్చెను. అన్నియు కూడి, తీసివేయగా రెండునెలల శ్రమకు నిలిచిన లాభము 135 రూపాయలు. ఇంటగూర్చుండి నెలకు లక్షలార్జింపవచ్చునని ఫోనులో ఊదరగొట్టువారు ఈ లెక్కను చూపరు. తరువాతి లాటులు కొంత మేలయ్యెను. పిల్లవాని పాలఖర్చు, బడిరుసుము దానినుండియే గడచుచున్నవి. అంతకుమించి చెప్పుట అతిశయోక్తి.

ఇక మమ్మీ వేదికపై నిలిపిన సంగతి. గత శ్రావణమాసమున వచ్చిన మూటలో పోచంపల్లి తీరు చీరలు పండ్రెండుండెను. అమ్మినవాడు చిత్రములక్రింద "పోచంపల్లి ఇక్కతు, చేనేత" యని వ్రాసి పంపెను. మా కోడలు ఆ మాటలనే దించి తన కొనుగోలుదారుల కందఱకు పంపెను. చీర 1,200 రూపాయలు. మూడుదినములలో పండ్రెండును చెల్లిపోయెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. మేమును సంతోషించితిమి, దాచనేల?

వారము తిరుగకముందే ఫోను మ్రోగెను. నల్లగొండ ప్రాంతమున మగ్గముపై బ్రదుకు నొక వృద్ధురాలు. కూతురి సీమంతమునకై ఆ చీరను కొన్నదట. మగ్గమున్న యింట చీర కొననేల యని మీరడుగవచ్చును. నూలు, రంగు, సరకు అంతయు షావుకారుది. కూలి మాత్రమే నేతగానిది. నేసిన చీర నేసినవారిది కాదు. "1,200కే చేనేత వచ్చుచున్నదన్న నమ్మకపోయితిని అన్నయ్యగారూ! కాని మీ యింటిపేరు చూచి, మనవారే గదా యని తీసికొంటిని. మడత విప్పి తిరుగవేసితిని. ఈ చీరకు వెనుక లేదు" అని యామె పలికెను. ఆమె తిట్టలేదు. తిట్టినచో మేలుగా నుండెడిది.

వెనుక లేదన్న మాట ఇచటి యువకులలో ఎందఱికి తెలియునో! చిటికి కట్టి రంగు ముంచుట నూలుదశలోనే జరుగును. రంగు పోగు లోపలికి దిగినపిదపనే అది మగ్గమెక్కును. కావున నిజమైన ఇక్కతునకు ముందువెనుకలు ఇంచుమించు ఒకటిగానే యుండును. బొమ్మ యంచులు ఈకలవలె కొంచెము చెదరియుండును. అచ్చువేసిన బట్టకు ముందు మెఱుపు, వెనుక వెలవెల. ఇంతకుమించిన పరీక్ష అక్కఱలేదు, ఒక్కమాఱు తిరుగవేసిన చాలును. మా తండ్రిగారు గుంటమగ్గముపై నేసినవారు. మేము చిన్ననాట కండెలు చుట్టినవారము. ఆ పండ్రెండు చీరలకు చిత్రములు తీయునపుడు వెలుతురు చాలినదో లేదో చూచినది మేమే. తిరుగవేసి చూడనిదియు మేమే.

ఆ రాత్రియే పండ్రెండుగురకును సత్యము వ్రాసి పంపితిమి. తొమ్మండుగురు చీరలు త్రిప్పిపంపిరి. ముగ్గురు 500 రూపాయలకు ఉంచుకొందుమనిరి. తిరిగి యిచ్చినది మొత్తము 12,900 రూపాయలు, తపాలాఖర్చు వేఱు. సూరతు వర్తకుడు నేటికిని ప్రత్యుత్తరమియ్యలేదు. మా పింఛనునుండి సర్దుదుమనగా మా కోడలు, "వ్రాసినది నేను మామయ్యగారూ!" అని యొప్పుకొనలేదు. నాలుగునెలలు వ్యాపారము మానుకొని, ఇంటి పాతబట్టలనే యమ్మి, ఆ సొమ్మును పూడ్చుకొన్నది.

ఈ వ్యాపారమే మగ్గమునకు శత్రువని నిన్నటిసభలో ఒక సోదరుడు వాదించెను. మేమట్లు తలపము. 350 రూపాయల సూరతుచీరను కొనునామె అది లేనియెడల 7,000 రూపాయల చేనేతచీరను కొనదు, వేఱొక సూరతుచీరను కొనును. మగ్గమును చంపునది చౌక గాదు, దొంగపేరు. అచ్చుబట్ట పోచంపల్లి పేరుతో 1,200కు దొరకెనేని నిజమైన పోచంపల్లికి 7,000 చెప్పు నేతగాడే మోసగాడుగా కనబడును. ఆ పేరునకు 1999 నాటి చట్టముక్రింద భౌగోళికసూచికగా రక్షణ కలదు. దానిని తప్పుగా వాడుట కారాగారశిక్షకు తగిన నేరము. అయినను శిక్షకు వెఱచి మానవలసినంత దూరము మన కులము పోయెనా?

మఱియు, నిజమైన చేనేతకు ఈ మారుబేరము మిత్రమే. మన పెట్టెలలో కలరాయుండల నడుమ ఎన్ని గద్వాల, నారాయణపేట చీరలు మడతలపై చీకుచున్నవో లెక్కించుకొనుడు. ఊరిపేరు, కొన్న సంవత్సరము, మఱకయున్నచోటు తెలిపి అమ్మినచో వానిని వెదకి కొనువారు కలరు. పాతచీర యింకను ఇరువదియేండ్లు కట్టబడుచుండుటకన్న నేతకు వేఱు సాక్ష్యమేల?

అమ్మదలచువారికి అనుభవపూర్వకముగా కొన్నిమాటలు. మఱక ప్రక్కన రూపాయిబిళ్ళ నుంచి చిత్రము తీయుడు, దాని పరిమాణము తెలియును. కుట్టుదుస్తులకు చీటీని నమ్మక టేపుతో కొలిచి వ్రాయుడు. వాడినదానిని ఉతికి, వాడినదనియే వ్రాయుడు. సొమ్ము మీకు రావలసినపుడు పిన్ను కొట్టుమనువాడు దొంగ. సొమ్ము పంపితినని చిత్రమును చూపినచో బ్యాంకులెక్కలో పడువఱకు మూట కట్టకుడు. ఒక కొనుగోలుదారు మా క్రొత్తచీర నుంచుకొని తన పాతచీరను త్రిప్పిపంపినది మొదలు, మూట కట్టుటను కూడ చిత్రించుచున్నాము. పన్నుమాట: ఆన్‌లైను అంగళ్ళద్వారా అమ్ము చిన్నవర్తకులు, తమ రాబడి పరిమితికి లోబడి తమ రాష్ట్రములోపలనే అమ్ముకొనునంతవఱకు, 2023 అక్టోబరు 1 నుండి జి.ఎస్.టి. నమోదు లేకయే ఎన్‌రోల్‌మెంటు సంఖ్యతో అమ్మవచ్చును. ఆ యంగళ్ళద్వారా పరరాష్ట్రమునకు పంపుటకు నమోదు కావలెను. నమోదైనవారికి వాడినవస్తువులపై పన్ను, షరతులకు లోబడి, కొన్నధరకును అమ్మినధరకును గల భేదముమీదనే పడు పద్ధతియు కలదు. తక్కినది ఆడిటరును అడుగుడు, మేము వ్యాకరణమువారము.

ఆ వృద్ధురాలు త్రిప్పిపంపిన మూటలో చీరతోబాటు మఱియొకటి యుండెను. తన మగ్గముపై మిగిలిన మూరెడు చిటికిగుడ్డ. చీటీ లేదు, మాట లేదు. ఆమె యనుమతితో ఆ చీరను, ఆ గుడ్డను తెచ్చి ద్వారమువద్ద బల్లపై నుంచితిమి. భోజనములకు పోవునపుడు మీరందఱును, ముఖ్యముగా పడుచువారు, రెంటిని తిరుగవేసి చూడుడు. చేతులు కడుగుకొనక ముందే చూచినచో మేలు, ఆ గుడ్డను మరల ఆమెకు పంపవలసియున్నది.