పింఛను అంకె వెనక లెక్క



వికలాంగుల పింఛను పెరిగితే "సర్కారు దయ" అంటాం. పెరగకపోతే "మన ఖర్మ" అంటాం. రెండూ కాదు. అదొక లెక్క, తెలుసుకుందాం.

కేంద్రం వాటా 2012 నుంచి నెలకు 300 రూపాయలే. అదీ 80 శాతం వైకల్యమున్న పేదలకే. మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. అందుకే రాష్ట్రానికో రేటు. తెలంగాణలో 2023లో 3016 నుంచి 4016 అయింది. ఆంధ్రలో 2024 జూలైలో 3000 నుంచి 6000 అయింది. సరిహద్దుకు రెండు వైపులా కోయలమే ఉన్నాం. కాలు లేని మనిషి కష్టం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

2016 వికలాంగుల హక్కుల చట్టం, 24వ సెక్షన్ చదవండి. అలాంటి పథకాల్లో ఇతరులకిచ్చే దానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. అంటే ఇది హక్కు. కానీ బియ్యం, నూనె ధరలు పెరిగితే పింఛనూ పెరగాలని అందులో లేదు. కాబట్టి ఎన్నికలొస్తేనే అంకె కదులుతోంది.

ఇంకో ఖర్చు ఏ లెక్కలోనూ లేదు. సర్టిఫికెట్ కోసం మనిషిని డోలీ కట్టి కొండ దించాలి, ఆటో మాట్లాడుకోవాలి, నలుగురు కూలి పోగొట్టుకోవాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊళ్లో ఎవరికి ఎంత శాతం రాశారో, ఎంత వస్తోందో ఒక నోటుబుక్కులో రాయండి. గ్రామసభలో రెండే అడగండి: పరీక్ష క్యాంపు మన దగ్గరే పెట్టాలి, ధరలతో పాటు పింఛనూ ఏటా పెరగాలి. తీర్మానం రాయించి, నకలు చేతికి తీసుకున్నాకే లేవండి.