ఒక్క సారథి వెల



ద్వారకాపురమున శ్రీకృష్ణుఁడు నిద్రించుచుండఁగా దుర్యోధనుఁడు తలవైపునను, అర్జునుఁడు పాదములవైపునను వేచియున్న ఘట్టము మీకు క్రొత్తది కాదు. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయములు' ఒక్కమాఱైనను చూడని పెద్దలు మన గ్రామములలో అరుదు. ఒకవైపున గొప్ప సేన; మఱియొకవైపున ఆయుధము పట్టనని చెప్పిన యొక్కఁడు. అర్జునుఁడు ఆ యొక్కనినే కోరి తన రథమునకు సారథిగా చేసికొనెను. ఒక్క సారథి కొఱకు సేన నంతను వదలుకొనుట యుక్తమా యను నీ ప్రశ్నను గూర్చి అమెరికా దేశమున ప్రతి వసంతకాలమునందును లక్షలకొలఁది జనులు వాదులాడుకొనుచుందురనఁగా మీకు నవ్వు రావచ్చును. వారి వాదము యుద్ధమును గూర్చినది కాదు. ఒక బంతియాటను గూర్చినది.

మా పెద్దకుమారుఁడు కాలిఫోర్నియా రాష్ట్రమున సాంటాక్లారా పట్టణమున ఉద్యోగము చేయుచున్నాఁడు. 2023వ సంవత్సరమున నేను కొన్ని మాసములు అచ్చట నుంటిని. సాన్ ఫ్రాన్సిస్కో జట్టువారి క్రీడారంగము ఆ పట్టణముననే యున్నది. శనివారము సాయంకాలమున మావాని స్నేహితులగు తెలుఁగు యువకులు నలుగురైదుగురును, పొరుగింటి వృద్ధుఁడగు నొక అమెరికా దేశస్థుఁడును చేరి యీ విషయమునే చర్చించుచుండిరి. అది వినఁగా, చిన్ననాఁడు గురువుగారి యింటి అరుగుమీఁద తర్కము చదువుకొన్న దినములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. కుఱ్ఱవాని యోగ్యతకు ప్రమాణమేది? ప్రత్యక్షమా, అనుమానమా? వారి మాటలు వేఱుగాని వాదము మాత్రమదియే.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. ఆ బంతి రెండు కొనలును మొనదేలి యుండును. దానిని చేతఁబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. జట్టునకు పదునొకండుగురు చొప్పున నూఱు గజముల మైదానమున నిలుతురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను; సాగలేనిచో బంతి ఎదిరిపక్షమువారికి చెందును. ఇంచుమించుగా ప్రతి ప్రయత్నమును ఒక్కని చేతినుండియే మొదలగును. వానికి క్వార్టర్‌బ్యాక్ అని పేరు. బంతి చేతికి వచ్చిన పిదప వానికి మిగులునది రెండు మూఁడు సెకండుల కాలము. అంతలో ఎదిరివారి కదలికను కనిపెట్టి, బంతిని ఎవరికీయవలెనో నిశ్చయింపవలెను. ఆలోపున మహాకాయులు వచ్చి వానిని నేలఁగూల్చుటకు యత్నింతురు. కావున వానిని సారథి యని వ్యవహరించుట తప్పు కాదనుకొందును.

ఇట్టి సారథిని సంపాదించుటకు వారికొక విచిత్రమగు కట్టుబాటు గలదు. వారి సంఘమున ముప్పదిరెండు జట్లున్నవి. కళాశాలలలో ఆడి తేలిన యువకులను ఆ జట్లు ప్రతి సంవత్సరము ఒక సభలో వరుసగా ఎన్నుకొనును. దానిని డ్రాఫ్టు అందురు. గడచిన సంవత్సరము అందఱికంటె హీనముగా ఓడినవారికి మొదటి వంతు; గెలిచినవారికి కడపటి వంతు. ఇట్లు ఏడు వరుసలు జరుగును. పూర్వము ధనికులగు జట్లవారే మంచి యువకుల నందఱిని కొనిపోవుచుండఁగా, ఫిలడెల్ఫియా జట్టు యజమానియగు బర్ట్ బెల్ 1935లో ఈ పద్ధతిని ప్రతిపాదించెను. 1936లో మొదటి సభ జరిగినది. ఆ సభలో మొట్టమొదట ఎన్నుకొనఁబడిన జే బర్వాంగర్ అను యువకుఁడు ఈ వృత్తిలోనికి రానేలేదు! ఎన్నికకును ఫలమునకును గల దూరము ఆ దినముననే వెల్లడి యైనది.

ఈ వంతులను జట్లు తమలో తాము మార్చుకొనవచ్చును. నేఁటి వంతును మాత్రమే కాదు. ఇంకను రాని సంవత్సరముల వంతులను గూడ ఇచ్చివేయవచ్చును. రాఁబోవు రెండేండ్ల పంటను ఇప్పుడే వ్రాసియిచ్చి ఒక కోడెదూడను తోలుకొనివచ్చుట వంటి దిది.

యువకుని కొఱకే యింత యారాటమేల యని నేనడిగితిని. జట్టువారు జీతముల క్రింద వెచ్చింపఁదగిన మొత్తమునకు మితి గలదు. 2024లో ఆ మితి 25 కోట్ల 54 లక్షల డాలరులు. పేరు మోసిన సారథి దానిలో పెద్ద భాగమును మ్రింగివేయును. క్రొత్తగా వచ్చిన యువకునికో, 2011వ సంవత్సరపు ఒడంబడిక ననుసరించి మొదటి నాలుగేండ్లును జీతము తక్కువగా కట్టడి చేయఁబడినది. ఆ కాలమున మిగిలిన ధనముతో తక్కిన జట్టును బలపఱచుకొనవచ్చును. మనదేశపు గృహస్థునికిని ఈ లెక్క తెలియును.

ఇఁక వాదము. సాన్ ఫ్రాన్సిస్కో జట్టునకు ఫార్టీనైనర్స్ అని పేరు. 1849లో బంగారము కొఱకు ఆ దేశమునకు పరుగెత్తిన జనులనుబట్టి వచ్చినది. 2021 మార్చి మాసమున వీరి వంతు పండ్రెండవది. మూఁడవ వంతు కొఱకు వీరు మయామీ జట్టువారికి ఆ సంవత్సరపు వంతుతోపాటు 2022, 2023 సంవత్సరముల మొదటి వరుస వంతులను, అవి చాలవన్నట్లు మూఁడవ వరుస వంతు నొకదానిని ఇచ్చివేసిరి. ఆ నాఁటినుండి ఏప్రిలు 29వ తేదీ వఱకు ఊరిలో ఇదియే మాట. ఎవనిని తెచ్చుకొందురు? అలబామా కళాశాలకు ఆ యేఁటి జాతీయ విజయమును గడించిన మాక్ జోన్స్‌నా? ఒహాయోకు చెందిన జస్టిన్ ఫీల్డ్స్‌నా? ఉత్తర డకోటాకు చెందిన ట్రే లాన్స్‌నా? మొదటివాఁడు బుద్ధిమంతుఁడు గాని పాదవేగము లేదని కొందఱు. రెండవవాఁడు బలవంతుఁడని కొందఱు. లాన్స్ 2019లో ఒక్క బంతినైనను శత్రువుల చేతఁబెట్టక, ఇరువదియెనిమిది మాఱులు తనవారిచే గమ్యము చేర్చెను. కాని 2020లో మహమ్మారి కారణమున వాఁడాడినది ఒక్కటే పోటీ. కళాశాలలో వాఁడు మొదటినుండి సారథ్యము వహించిన పోటీలన్నియుఁ గలిపి పదునేడు. తక్కువ చూచిరి గనుక తక్కువ దోషములు కనఁబడినవని పొరుగింటి వృద్ధుఁడు అప్పుడే వాదించెనఁట. జట్టువారు లాన్స్‌నే యెన్నుకొనిరి. అప్పటికి వానికి ఇరువదియొకటవ యేఁడైనను నిండలేదు.

మొదటి సంవత్సరము వాఁడు పెద్దవాఁడగు సారథి వెనుక నిలిచి పని నేర్చుకొనెను. 2022లో సారథ్యము వానికొప్పగింపఁబడినది. రెండవ పోటీలోనే చీలమండ విఱిగెను. 2023 ఆగస్టులో, నేనచ్చట నుండఁగానే, వానిని డాలస్ జట్టునకు నాలుగవ వరుస వంతు నొకదానికి ఇచ్చివేసిరి. ఈ యూరివారి కొఱకు వాఁడు ఆరంభించి యాడిన పోటీలు నాలుగే.

ఇంతకంటె వింత యున్నది. 2022వ సంవత్సరపు సభలో ఆ జట్టువారే అందఱికంటె కడపటిదగు 262వ వంతున బ్రాక్ పర్డీ అను సారథిని తీసికొనిరి. కడపటివానికి 'మిస్టర్ ఇర్రెలెవెంట్', అనఁగా అక్కఱలేని పెద్దమనిషి, అని 1976నుండి పరిహాసపు బిరుదొకటి గలదు. వానిని గూర్చి వాదించినవాఁడు లేఁడు. ఆ యేఁటి డిసెంబరులో రెండవ సారథికిని కాలు విఱుగఁగా పర్డీ పగ్గములు పట్టెను; జట్టు ఓటమి యెఱుఁగక సాగి, అంత్యపోటీకి ముందరి మెట్టు దాఁక చేరినది. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అను అంత్యపోటీకే చేరి, కాన్సస్ సిటీ వారి చేత 25కు 22గా ఓడినది. 2025లో వానికే అయిదేండ్లకు 26 కోట్ల 50 లక్షల డాలరుల ఒడంబడిక వ్రాసిరి.

దీనినిబట్టి, వంతులు ధారపోసి యువకుని తెచ్చుట మూర్ఖత యని ఒక పక్షమువారు నిగమనము చేసిరి. అది చెల్లదు. ఆ కాన్సస్ సిటీ వారే 2017లో ఇరువదియేడవ వంతునుండి పదియవ వంతునకు ఎక్కుటకు మఱుసటి యేఁటి మొదటి వరుస వంతును, ఇంకొకదానిని గూడ ఇచ్చి, పాట్రిక్ మహోమ్స్‌ను తెచ్చుకొనిరి. వానిని ఒక సంవత్సరము అలెక్స్ స్మిత్ అను పెద్దవాని వెనుక నుంచిరి. 2020, 2023, 2024 సంవత్సరములలో అంత్యవిజయములను గాంచిరి. వెల యిచ్చినవారే వీరును, వారును. ఒక సంవత్సరము ఓపికపట్టినవారే వీరును, వారును. భేదమెచ్చటనో యువకులు రాత్రి పది గంటల దాఁక తేల్చలేకపోయిరి.

నాకు తోఁచినది వేఱు. అర్జునునకు కృష్ణుఁడు మేనమామ కొడుకు, బావమఱఁది, చిరకాల మిత్రుఁడు. వాఁడు తెలిసి కోరెను. వీరు పదునేడు పోటీలు చూచి కోరిరి. అది సాహసమే గాని నేరము కాదు. నాకు కష్టము తోఁచినది తరువాతి మాటలయందు. 'మూఁడేండ్ల వంతులు వీనికై పోయినవి' అని అందఱును అనుచుండిరి. బేరము చేసినవారు పెద్దలు. వెల కట్టినవారును పెద్దలే. ఆ కుఱ్ఱవాఁడు నా కింత యిండని యడుగలేదు. అయినను అప్పుపత్రము వాని వీఁపున నంటింపఁబడినది. పర్డీ విసరిన ప్రతి మంచి బంతియు లాభముగా లెక్కింపఁబడెను. లాన్స్ తప్పిన ప్రతి బంతియు వడ్డీ బాకీగా లెక్కింపఁబడెను. నలువది యేండ్లు బడిలో గడపినవాఁడను గనుక నా కీ మాట చెప్పక తప్పలేదు.

నేనిట్లనఁగా ఆ తెలుఁగు యువకులలో నొకఁడు మాటాడక తల వంచుకొనెను. వాని తండ్రి మూఁడెకరముల మాగాణిని తాకట్టుపెట్టి వానిని అమెరికాకు పంపెనని తరువాత మావాఁడు చెప్పెను. పొలము విడిపించి చాల దినములైనదట. అయినను నడుమ నొకసారి ఉద్యోగము పోయినపుడు ఆ సంగతి తండ్రికి చెప్పలేక రెండు మాసములు దాఁచెనఁట.

మూఁడవ పక్షమువారు గలరు; వారి మాట విని నేను చెవులు మూసికొంటిని. హీనముగా ఓడినవారికే మొదటి వంతు గదా. కావున మంచి సారథి రానున్న యేఁడు మన జట్టు ఓడుటయే మేలని వారి వాదము. 2011లో ఆండ్రూ లక్ అను స్టాన్‌ఫర్డ్ విద్యార్థి కొఱకు పలు పట్టణముల అభిమానులు తమ జట్ల యోటమిని బహిరంగముగా కోరుకొనిరి. దానికొక ప్రాస నినాదమును గూడ కట్టిరి. ఆ యేఁడు ఇండియానాపొలిస్ వారి మహాసారథి పేటన్ మానింగ్ మెడ వ్యాధిచే ఆడలేకపోఁగా, వారు పదునాలుగు ఓడి రెండే గెలిచిరి. మొదటి వంతు వారికి వచ్చినది. లక్ వారి జట్టున చేరెను; మానింగును విడిచిపెట్టిరి.

లక్ నిజముగా గొప్ప సారథియే. పందెము గెలిచిరని యందఱును అనుకొనిరి. కాని వానిని కాచువారు చాలినంత లేక దెబ్బమీఁద దెబ్బ తగిలినది. ఒక యేఁడు మూత్రపిండము చీలెను. భుజము చెడి 2017 సంవత్సర మంతయు ఆడలేదు. 2019 ఆగస్టు 24వ తేదీన, ఇరువదితొమ్మిదవ యేఁట, ఇఁక ఆడనని నిశ్చయించుకొనెను. ఆ వార్త పోటీ జరుగుచుండఁగానే పొక్కినది. వాఁడు మైదానమునుండి వెడలుచుండఁగా సొంత యూరి అభిమానులలో కొందఱు ఈసడించుచు అఱచిరి. అది తనకు నొప్పి కలిగించినదని వాఁడు ఆ రాత్రియే చెప్పెను.

ఆ పిదప ఇండియానాపొలిస్ వారు వరుసగా 2020లో నొకని, 2021లో నొకని, 2022లో నొకని, వేఱు జట్లలో ఆడి పేరుపొందినవారిని తెచ్చి చూచిరి. ఎవరును నిలువలేదు. నేను వెళ్లిన 2023లో నాలుగవ వంతున ఫ్లారిడా కళాశాలకు చెందిన ఆంథొనీ రిచర్డ్‌సన్ అను యువకుని ఎన్నుకొనిరి. వాని వయస్సు ఇరువది. కళాశాలలో సారథిగా ఆరంభించిన పోటీలు పదుమూఁడు. ఆ పదుమూఁడు చాలునా చాలవా యని మా యింటి వసారాలో మఱల వాదము మొదలైనది, నేను పండుకొనఁబోయితిని.